రాజీనామా ఇమ్మంటే ఇచ్చేయాల్సిందేనా?

ప్రశ్న: నమస్కారమండీ. నేనొక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలో ఆరేళ్ల ఎనిమిది నెలలుగా టెస్టింగ్ పనిలో ఉన్నాను. నెల జీతం 80,000 రూపాయలు. రెండేళ్ల కిందట నా హోదా పేరు ‘లీడ్’ అని మార్చారు. పోయిన అప్రైజల్‌లో రేటింగ్ బాగానే ఇచ్చారు. ఉన్నట్టుండి పోయిన వారం హెచ్‌ఆర్ వాళ్లు మీటింగ్ రూమ్‌కి పిలిచి, ‘మీ పెర్ఫార్మెన్స్ సరిపోవడం లేదు, ప్రాజెక్టులు కూడా తగ్గాయి, నెలాఖరులోగా మీరే పేపర్లు పెట్టేయండి. పెడితే రెండు నెలల జీతం ఎక్స్‌గ్రేషియాగా ఇస్తాం, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం. పెట్టకపోతే టర్మినేట్ చేస్తాం, ఆ మచ్చ ఎప్పటికీ పోదు’ అన్నారు. అక్కడే లాప్‌టాప్‌లో రాజీనామా పేజీ తెరిచి, ‘కారణం’ దగ్గర ‘వ్యక్తిగతం’ అని నొక్కమన్నారు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను. కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. నా అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రెండు నెలల నోటీసు అని ఉంది. నాతోపాటు ఇంకో నలుగురిని పిలిచారు, వాళ్లలో ఒకమ్మాయికి ఏడో నెల. మావారేమో ‘కంపెనీతో మనకెందుకు గొడవ, ఇచ్చేసి బయటపడు’ అంటున్నారు. హోమ్ లోన్ ఉంది. నిద్ర పట్టడం లేదు. ప్రైవేటు ఉద్యోగులను చట్టం పట్టించుకోదంటారు, నిజమేనా?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆ పేజీలో ఏదీ నొక్కకుండా బయటికి వచ్చారు చూడండి, ఇప్పటికి మీకున్న బలమంతా అదే. దాన్ని నెలాఖరు భయంతో పోగొట్టుకోకండి. నెలాఖరు అన్నది వాళ్లు పెట్టిన గడువు, చట్టం పెట్టింది కాదు. ఆ రోజు దాటినా మీరు ఉద్యోగంలో ఉన్నట్టే. మిమ్మల్ని తీసేయాలంటే ఆ పని వాళ్లు చేయాలి, కాగితం మీద చేయాలి, కారణం రాసి చేయాలి. ఈ మూడూ తప్పించుకోవడానికే ‘మీరే పేపర్లు పెట్టండి’ అంటున్నారు.

ప్రైవేటు ఉద్యోగులను చట్టం పట్టించుకోదన్నది నిజం కాదు. ప్రభుత్వోద్యోగులకున్నంత రక్షణ లేదు, అంతే. కానీ ఉన్న రక్షణ అంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: ఉద్యోగం మీరు మానేశారా, వాళ్లు తీసేశారా? మీరే మానేస్తే అది రాజీనామా. వాళ్లు తీసేస్తే దానికి నోటీసు, నష్టపరిహారం, కారణం, సవాలు చేసే హక్కు అన్నీ ఉంటాయి. ఆ లాప్‌టాప్‌లో ‘వ్యక్తిగతం’ అని నొక్కిన క్షణాన మీరంతట మీరే మొదటి గడిలోకి వెళ్లిపోతారు. తర్వాత ‘నన్ను బలవంతపెట్టారు’ అంటే, ఆ సంగతి రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. చట్టంలో దానికి దారి ఉంది, బెదిరించి రాయించుకున్న రాజీనామాను రద్దు చేయమని అడగవచ్చు. కానీ తలుపులు మూసిన గదిలో నోటిమాటగా జరిగిన దానికి సాక్ష్యం తేవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇక డబ్బు లెక్క. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మీకు చూపించిన ఆశ అక్కడే ఉంది.

రెండు నెలల జీతం ‘ఎక్స్‌గ్రేషియా’ అన్నారు. ఎక్స్‌గ్రేషియా అంటే ఇవ్వాల్సిన బాధ్యత లేకపోయినా దయతో ఇచ్చేది. కానీ మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రెండు నెలల నోటీసు అని మీరే రాశారు. అంటే వాళ్లు తీసేస్తే రెండు నెలల ముందు చెప్పాలి, లేదా ఆ రెండు నెలల జీతం ఇవ్వాలి. మీకు రావలసిన 1,60,000 రూపాయలనే దయ అని పేరు మార్చి మీ ముందు పెట్టారు.

దాని పైన ఏముంటుందో చూడండి. 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. ఇన్నాళ్లూ ఈ విషయాలు చూసిన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో ఇప్పుడు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఉంది. పేరులో ‘పారిశ్రామిక’ అని ఉందని ఫ్యాక్టరీలకే అనుకోవద్దు, సేవలు అందించే సంస్థలకూ వర్తిస్తుంది. ఏడాది పాటు ఆగకుండా పనిచేసిన వర్కర్‌ను తొలగించాలంటే కారణం రాసి కనీసం నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు జీతం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం నష్టపరిహారంగా ఇవ్వాలి. చివర్లో మిగిలిన కాలం ఆరు నెలలు దాటితే దాన్నీ ఏడాదిగా లెక్కేస్తారు. మీవి ఆరేళ్ల ఎనిమిది నెలలు కాబట్టి ఏడేళ్లు. ఏడు పదిహేనులు 105 రోజులు.

ఏ వేతనం మీద లెక్క అన్న ప్రశ్న వస్తుంది. మన జీతాల్లో బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచడం మామూలే. కొత్త కోడ్‌ల ప్రకారం హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) లాంటి మినహాయింపులన్నీ కలిసి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే చూడాలి. కాబట్టి మీ 80,000లో కనీసం 40,000 వేతనం. దాని మీద 15 రోజులకు 20,000, ఏడేళ్లకు 1,40,000 రూపాయలు. ఇది కాక, తొలగించిన వర్కర్ల కోసం రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికి సాయపడే నిధి) అని ఒకటి పెట్టారు. సంస్థ అందులో 15 రోజుల వేతనం జమ చేయాలి, తొలగించిన 45 రోజుల్లో అది మీ ఖాతాకు రావాలి. అదింకో 20,000. రాజీనామా చేస్తే ఈ రెండూ పోతాయి.

గ్రాట్యుటీ మాత్రం ఎలా వెళ్లినా మీదే. ఐదేళ్లు దాటాయి కదా. 40,000ను 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 23,077, ఏడేళ్లకు దాదాపు 1,61,500 రూపాయలు. దాన్ని 30 రోజుల్లో ఇవ్వాలి. ‘రాజీనామా చేస్తే గ్రాట్యుటీ కూడా ఇచ్చేస్తాం’ అని ఎవరైనా బేరం పెడితే నమ్మకండి. మీ సొమ్ముతో మిమ్మల్నే కొంటున్నారని అర్థం. పీఎఫ్ సంగతీ అంతే, అది మీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) ఖాతాలో ఉన్న డబ్బు, దాన్ని ఆపే అధికారం కంపెనీకి లేదు.

ఇప్పుడు వాళ్లు చెప్పిన కారణాలకు వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే: ఒకే మాటలో ‘పెర్ఫార్మెన్స్ సరిపోవడం లేదు’ అన్నారు, ‘ప్రాజెక్టులు తగ్గాయి’ అని కూడా అన్నారు. ఈ రెండూ వేరు వేరు దారులు. ఏ దారిలో వెళ్తే ఆ దారి నియమాలు పాటించాలి.

ప్రాజెక్టులు తగ్గి తీసేస్తే అది తొలగింపు, ఇంగ్లిషులో రిట్రెంచ్‌మెంట్ అంటారు. పైన చెప్పిన నోటీసు, నష్టపరిహారం ఇచ్చే తీరాలి. మామూలుగా ఒకే రకం పనిలో ఉన్నవాళ్లలో చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలి. మీకంటే నాలుగేళ్లు తర్వాత చేరినవాళ్లను ఉంచి మిమ్మల్ని పంపిస్తే, ఎందుకో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. ఏడాది లోపు అదే పనికి మళ్లీ మనుషులను తీసుకుంటే, తొలగించినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి. మీ సీటు ఖాళీ అయిన రెండో నెలలోనే అదే పనికి ప్రకటన కనబడితే స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి.

పనితీరు బాగాలేదని తీసేసినా తప్పించుకోలేరు. శిక్షగా కాకుండా మరే కారణంతో తీసేసినా అది రిట్రెంచ్‌మెంటేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తేల్చింది. కాబట్టి ఆ పేరు పెట్టినా నష్టపరిహారం లెక్క మారదు. అసలు పనితీరు నిజంగా సమస్య అయితే దానికో చరిత్ర ఉంటుంది: తగ్గిన రేటింగ్, మేనేజర్ పంపిన మెయిల్స్, మెరుగుపరచుకోవడానికి ఇచ్చిన గడువు, ఏ కొలతతో కొలిచారో చెప్పే కాగితం. మీకు పోయిన అప్రైజల్‌లో రేటింగ్ బాగా ఇచ్చారు, పీఐపీ (పనితీరు మెరుగుపరచుకోమని గడువుతో ఇచ్చే పత్రం) ప్రస్తావనే మీ ఉత్తరంలో లేదు. ఇప్పుడు హడావిడిగా ఒకటి తెచ్చి ముందు పెట్టవచ్చు. పెడితే ‘నేను పనిలో తక్కువ ఉన్నాను’ అని ఒప్పుకున్నట్టు రాసిన చోట సంతకం పెట్టకండి. ‘అందింది, ఇందులోని విషయాలతో ఏకీభవించడం లేదు’ అని రాసి సంతకం పెట్టండి. పని మాత్రం శ్రద్ధగా చేయండి, చేసిన ప్రతిదీ మెయిల్‌లో కనబడేలా చేయండి.

మూడో దారి క్రమశిక్షణ చర్య. మీరేదో తప్పు చేశారనాలి. అలా అంటే చార్జిషీటు ఇవ్వాలి, మీ సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి. మీ విషయంలో ఇది లేదు. లేకుండా చూసుకోవడం కూడా మీ పనే, దాని గురించి కింద చెబుతాను.

ఇన్ని హక్కులూ ఎవరికి అంటే ‘వర్కర్’ అన్న నిర్వచనంలోకి వచ్చేవాళ్లకు. ఇక్కడే కంపెనీలు ‘మీరు లీడ్ కదా, మీకు లేబర్ చట్టం వర్తించదు’ అంటాయి. హోదా పేరు చూసి చట్టం తేల్చదు, రోజూ మీరేం చేస్తారన్నది చూస్తుంది. సాంకేతిక పని, గుమాస్తా పని, చేతిపని చేసేవాళ్లు జీతం ఎంతైనా వర్కర్లే. 18,000 రూపాయల పరిమితి ఉన్నది ప్రధానంగా సూపర్‌వైజర్‌గా ఉన్నవాళ్లకు. ప్రధానంగా మేనేజర్ పని, పరిపాలన పని చేసేవాళ్లు ఇందులోకి రారు. మీరే టెస్ట్ కేసులు రాస్తూ, బగ్స్ లాగ్ చేస్తూ, మధ్యలో ఇద్దరు జూనియర్లకు పని చెబుతుంటే మీ అసలు పని సాంకేతికమేనని గట్టిగా వాదించవచ్చు. ఎవరికైనా సెలవు మంజూరు చేసే అధికారం మీకుందా? ఎవరి జీతం పెంచాలో మీరు నిర్ణయిస్తారా? ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకోగలరా? వీటికి జవాబు ‘లేదు’ అయితే ఆ సంగతి రాసిపెట్టుకోండి. మీ కేసులో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది దీని మీదే.

నిజంగా మేనేజర్‌గా ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. మీ దారి ఇరుకు. సివిల్ కోర్టుకు వెళ్లినా ఉద్యోగం తిరిగి ఇప్పించడం కష్టం, సాధారణంగా నోటీసు కాలపు జీతం దగ్గరే ఆగుతుంది. అయినా గ్రాట్యుటీ, పీఎఫ్, బాకీ జీతం మీకూ వర్తిస్తాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టాన్ని కూడా చూపించుకోండి. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదని 47వ సెక్షన్ చెబుతుంది, 48వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. నిర్వహణ బాధ్యతల్లో పైస్థాయిలో ఉన్నవాళ్లకు అందులో మినహాయింపులున్నాయి కాబట్టి వకీలుతో ఒకసారి మాట్లాడండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఈ వారం చేయాల్సిన మొదటి పని ఒక మెయిల్. ఆ మీటింగ్ ఏ తేదీన, ఎన్ని గంటలకు జరిగిందో, ఎవరెవరు ఉన్నారో, ఏమన్నారో రాసి హెచ్‌ఆర్‌కు పంపండి, కాపీ మీ సొంత మెయిల్‌కు పెట్టుకోండి. కోపం వద్దు, ఆరోపణ వద్దు, బతిమాలడం అసలే వద్దు. మీరు ఇంగ్లిషులో రాస్తారు, సారాంశం ఇలా ఉంటే చాలు:

‘ఫలానా తేదీన జరిగిన సమావేశంలో నన్ను నెలాఖరులోగా రాజీనామా చేయమని, లేకపోతే టర్మినేట్ చేస్తామని చెప్పారు. నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. నేను ఉద్యోగం కొనసాగించడానికి సిద్ధంగా ఉన్నాను. నా పనితీరు గురించి ఏవైనా అభ్యంతరాలుంటే వివరాలు రాతపూర్వకంగా ఇవ్వండి. నా ఉద్యోగం గురించి సంస్థ ఏ నిర్ణయం తీసుకున్నా కారణాలతో సహా రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఇంతే. వాళ్లు జవాబు ఇవ్వకపోయినా ఈ మెయిల్ పని ఈ మెయిల్ చేస్తుంది. నాలుగు గోడల మధ్య జరిగింది ఇప్పుడు తేదీ ఉన్న రికార్డు అయింది. రేపు ఎప్పుడైనా ‘ఆవిడే ఇష్టపడి వెళ్లారు’ అంటే ఇది అడ్డుపడుతుంది. మళ్లీ పిలిస్తే వెళ్లండి, వినండి, ‘రాతపూర్వకంగా ఇవ్వండి, చూసి చెబుతాను’ అని లేచి రండి. వచ్చిన వెంటనే ఆ మీటింగ్ గురించి కూడా ఇలాగే మెయిల్ పెట్టండి. ఫోన్ చేసి ఒత్తిడి చేస్తే అదీ అంతే.

మీతోపాటు పిలిచిన నలుగురిలో ఎవరైనా భయపడి అప్పటికే రాజీనామా నొక్కేసి ఉంటే, వాళ్లకు ఈ మాట చెప్పండి. కంపెనీ ఆమోదించక ముందే రాజీనామాను వెనక్కి తీసుకోవచ్చు. ‘ఒత్తిడి వల్ల చేశాను, ఉపసంహరించుకుంటున్నాను’ అని ఈ రోజే మెయిల్ పెట్టాలి. ఈ విషయంలో ఒక్క పూట ఆలస్యం కూడా మంచిది కాదు.

రెండో పని కాగితాలు. అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం పెంచినప్పటి లెటర్లు, పే స్లిప్పులు, అప్రైజల్ ఫలితాలు, క్లయింట్ మెచ్చుకున్న మెయిల్స్ ఉంటే అవి, సెలవు బ్యాలెన్స్ కనబడే పేజీ. వీటిలో చాలావరకు కంపెనీ పోర్టల్‌లోనే ఉంటాయి, యాక్సెస్ తీసేసిన నిమిషం నుంచి మీకు కనబడవు. అందుకే ఇప్పుడే తీసుకోండి. కానీ చాలా జాగ్రత్త: మీ ఉద్యోగానికి సంబంధించిన సొంత కాగితాలు వేరు, కంపెనీ సమాచారం వేరు. కోడ్, క్లయింట్ డాక్యుమెంట్లు, టెస్ట్ డేటా ఏదీ మీ సొంత మెయిల్‌కు పంపుకోకండి, పెన్‌డ్రైవ్‌లో వేసుకోకండి. మెచ్చుకోలు మెయిల్ అయినా కింద క్లయింట్ వివరాలుంటే ఫార్వర్డ్ చేయవద్దు, తేదీ, పంపినవాళ్ల పేరు, విషయం చేత్తో రాసుకోండి. ఇన్నాళ్లూ కారణం దొరకని వాళ్లకు ‘డేటా బయటికి పంపింది’ అన్న బలమైన కారణం మీ చేతులతో అందించొద్దు. ఇందాక క్రమశిక్షణ చర్యకు చోటివ్వకుండా చూసుకోమన్నది దీని గురించే. టైముకు వెళ్లండి, అడగకుండా సెలవు పెట్టకండి, ఆఫీసు చాట్‌లో మేనేజర్ గురించి ఒక్క మాట కూడా రాయకండి.

ఒకవేళ యాక్సెస్ తీసేసి, బ్యాడ్జి పనిచేయకుండా చేసి, చేతికి ఏ ఉత్తరమూ ఇవ్వకుండా వదిలేస్తే? ఇలాంటి పరిస్థితిలోనే మనుషులు అలిసిపోయి ఇంట్లో కూర్చుంటారు, నాలుగు రోజులకు ‘అబ్‌స్కాండింగ్’ అని, అంటే చెప్పకుండా పనికి రావడం మానేశారని, నోటీసు వస్తుంది. ఇంట్లో కూర్చోవద్దు. ఆఫీసు గేటు దాకా వెళ్లండి, లోపలికి రానివ్వకపోతే అక్కడి నుంచే ఫోన్‌లో మెయిల్ పెట్టండి: ‘ఈ రోజు ఇన్ని గంటలకు పనికి వచ్చాను, లోపలికి అనుమతించలేదు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను.’ తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో అదే మాట ఉత్తరంగా పంపండి. రావడం లేదు కాబట్టి ఉద్యోగం పోయినట్టేనని కంపెనీ తనకు తానే తేల్చేయకూడదని, ఉద్యోగి మాట వినాలని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది.

టర్మినేషన్ ఉత్తరం వచ్చిందే అనుకోండి. అప్పుడు బాకీ జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి, వేతనాల కోడ్ అలా చెబుతోంది. రాజీనామా చేసినవాళ్లకూ ఇదే గడువు, మేనేజర్లకూ ఇదే. ‘ఎఫ్ అండ్ ఎఫ్‌కు 45 రోజులు పడుతుంది, మా పాలసీ’ అన్నది (ఎఫ్ అండ్ ఎఫ్ అంటే చివరి లెక్క తేల్చి డబ్బు ఇవ్వడం) అందరికీ అలవాటైపోయిన మాట. కంపెనీ పాలసీ చట్టం కంటే పెద్దది కాదు. డబ్బు ఎగ్గొడితే మూడేళ్లలోపు కార్మిక శాఖలో క్లెయిమ్ వేయవచ్చు. రావలసిన దానికి పది రెట్ల దాకా అదనపు పరిహారం వేసే అధికారం అక్కడి అధికారికి ఉంది.

తొలగింపును సవాలు చేయడానికి మొదటి మెట్టు కార్మిక శాఖలోని కన్సిలియేషన్ ఆఫీసర్. తెల్ల కాగితం మీద జరిగింది రాసి, కాగితాల కాపీలు జతచేసి ఇవ్వండి. ఆయన రెండు పక్షాలనూ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ వకీలు లేకపోయినా ఇబ్బంది లేదు. మీరు ఒక్కరే వెళ్లినా దాన్ని చట్టబద్ధమైన వివాదంగానే తీసుకుంటారు, యూనియన్ ఉండి తీరాలని లేదు. అయితే ఐదుగురూ కలిసి వెళ్తే బరువు వేరు. ‘ఈమె పనితీరు బాగాలేదు’ అన్న మాట ఐదుగురి విషయంలో ఒకే వారంలో, ఒకే పదాలతో వచ్చిందంటే ఆ కథ ఎంత నిజమో ఎదుటి అధికారికే అర్థమవుతుంది. రాజీ కుదరకపోతే ఆ నివేదిక వచ్చిన 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. మొత్తం మీద వివాదం మొదలైన రెండేళ్లు దాటితే రాజీ ప్రక్రియే చేపట్టరు. పాత చట్టంలో ఉన్న మూడేళ్లు గుర్తుపెట్టుకుని ఎవరైనా ‘బోలెడు టైముంది’ అంటే వినకండి.

తొలగింపు అక్రమమని తేలితే ఏమొస్తుంది? 2013లో ఒక ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు, అక్రమంగా తీసేసినప్పుడు ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవడం, మధ్యకాలపు జీతం ఇవ్వడం మామూలు నియమమని చెప్పింది. అయినా మీకు ఆశ చూపించి పంపడం నాకిష్టం లేదు. కేసులు ఏళ్లు పడతాయి, మధ్యలో మీరు వేరే ఉద్యోగం చేసుకుంటారు, చేసుకోవాలి కూడా. చాలామంది విషయంలో న్యాయం అంటే చివరికి సరైన మొత్తానికి మర్యాదగా కుదిరిన ఒప్పందమే. అందులో తప్పు లేదు. కాకపోతే ఆ ఒప్పందం మీ లెక్క తెలిసి, మీ షరతులతో జరగాలి.

మీవారి మాటకు ఇక్కడే జవాబు ఉంది. ఆయన భయం న్యాయమైనదే. ఇంటి లోన్ ఉన్నప్పుడు కోర్టు పేరెత్తితే ఎవరికైనా గుండె దడే. ఆయనతో ఇలా చెప్పి చూడండి: గొడవ పడమని కాదు, ఉత్తచేతులతో రావద్దని. బయటికి వెళ్లడమే మంచిదని మీ ఇద్దరూ అనుకుంటే వెళ్లండి, కానీ రాజీనామా ముందు, డబ్బు తర్వాత అన్న వరస ఒప్పుకోకండి. ముందు ఇద్దరి సంతకాలతో ఒప్పంద పత్రం రావాలి. అందులో నోటీసు జీతం, 105 రోజుల పరిహారం, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు విడివిడిగా అంకెలతో ఉండాలి, ఏ తేదీన జమ చేస్తారో ఉండాలి. ‘నిబంధనల ప్రకారం చెల్లిస్తాం’ అన్న వాక్యం చాలదు. లాస్ట్ వర్కింగ్ డే ఎప్పుడో, గ్రూప్ ఆరోగ్య బీమా ఏ రోజుదాకా ఉంటుందో రాయించుకోండి. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని మీ చేత రాయించుకునే పేరా తప్పకుండా ఉంటుంది. డబ్బు ఖాతాలో పడ్డాకే అది వర్తిస్తుందని చేర్పించండి.

రిలీవింగ్ లెటర్ భయం గురించి తేలిగ్గా మాట్లాడలేను. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పేరుతో కొత్త కంపెనీ పాత కంపెనీని అడగడం, అక్కడ ఒక మాట తేడాగా చెబితే ఆఫర్ ఆగిపోవడం జరుగుతున్నాయి. అందుకే ఎక్స్‌పీరియన్స్ లెటర్ నమూనాను ఒప్పందానికి జతచేయమనండి, వెరిఫికేషన్‌కు ఎవరు అడిగినా ఆ లెటర్‌లో ఉన్నదే చెప్పాలని ఒక వాక్యం రాయించండి. ఒకవేళ టర్మినేషన్ జరిగినా, ప్రాజెక్టులు తగ్గి మనుషులను తీసేశారన్నది ఈ రంగంలో ఎవరూ వినని సంగతి కాదు. ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నది ఉన్నట్టు రెండు వాక్యాల్లో చెప్పగలరు. తొలగించిన కారణం ఉత్తరంలో ఏమని రాశారన్నది అప్పుడు మీకు ముఖ్యం, అందుకే తప్పుడు కారణం రాస్తే ఊరుకోకుండా వెంటనే అభ్యంతరం మెయిల్ చేయాలి.

ఇక ఏడో నెలలో ఉన్న ఆ అమ్మాయి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చింది, కానీ మీ అందరికంటే ముందు ఆమెకు ఈ విషయాలు తెలియాలి. ఇప్పుడు రాజీనామా చేస్తే ఆమె ప్రసూతి సెలవు, ఆ సెలవు జీతం చేజారిపోయే ప్రమాదం ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఆమె హక్కు. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఆ సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం, సెలవు మధ్యలో ముగిసేలా నోటీసు ఇవ్వడమూ అంతే. గర్భంతో ఉండగా తీసేసినా, తీవ్రమైన తప్పు చేశారన్న కారణం ఉంటే తప్ప ఆ ప్రయోజనం ఆపడానికి లేదు. ఇది పెద్ద జీతాలవాళ్లకూ, మేనేజర్లకూ కూడా వర్తిస్తుంది, ‘వర్కర్’ అవునా కాదా అన్న వాదన ఇక్కడ రాదు. గర్భం సంగతి, సెలవు ఏ తేదీ నుంచి కావాలో ఆమె ఇప్పటిదాకా రాసి ఇవ్వకపోతే డాక్టర్ సర్టిఫికెట్‌తో సహా ఈ రోజే మెయిల్ చేయమనండి. తీసేస్తూ ఉత్తర్వు ఇస్తే అప్పీలుకు 60 రోజులే గడువు.

ఖర్చు గురించి ఇద్దరూ వెనకాడకండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు అపాయింట్‌మెంట్ ఆర్డర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, అప్రైజల్ కాగితం, మీరు హెచ్‌ఆర్‌కు పంపిన ఆ మెయిల్ ప్రింటు తీసుకెళ్లండి. ఆ మెయిల్ ఇంకా పంపలేదంటే, ఈ జవాబు చదవగానే ముందు అది పంపండి.